శుక్రవారం డ్యూటీ

దుబాయ్‌లో మనవాళ్లు ఒకరినొకరు అడగని సంగతి లేదు. జీతమెంత, గదిలో ఎంతమంది, మీ ఆవిడకు ఎన్నో నెల, అన్నీ మొదటి చాయ్ తాగేలోపే తేలిపోతాయి. ఒక్క ప్రశ్న మాత్రం అడగరు: "క్యాన్సిల్ మీద ఎప్పుడు పోతున్నావు?" వీసా రద్దు చేయించుకుని, మళ్లీ రాకుండా వెళ్లిపోవడాన్ని అక్కడ క్యాన్సిల్ మీద పోవడం అంటారు. ఆ మాట అడిగితే నీ ఉద్యోగం ఎప్పుడు ఊడుతుంది అని అడిగినట్టే. పోయేవాడూ తక్కువ తినలేదు, టికెట్ చేతికొచ్చేదాకా పక్క మంచం మీదివాడికి కూడా చెప్పడు. ఈ మర్యాద ఎవరు మొదలుపెట్టారో గానీ, పర్వీనూ దేవేందరూ దాన్ని నూటికి నూరుపాళ్లు పాటించారు. ఇద్దరూ కాస్త తక్కువ మర్యాదస్తులైతే ఈ కథ ఒక పూటలో అయిపోయేది.

పర్వీన్‌ది కావలి. బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల వరస మీద, రెండో అంతస్తులో ఉన్న ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్. ఒక పెద్ద కంప్యూటర్ కడుపులో బోలెడు చిన్న కంప్యూటర్లు ఉన్నట్టు సృష్టించి, వాటిని క్లినిక్కులకూ కార్గో ఆఫీసులకూ అద్దెకివ్వడం ఆ కంపెనీ వ్యాపారం. వీటిని వర్చువల్ మెషిన్లంటారు. చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు గానీ, క్లినిక్కులో కూర్చున్న రిసెప్షన్ పిల్లకు అది అచ్చం కంప్యూటరే. పొద్దున్నే వాటిని లేపాలి, రాత్రికి మూసేయాలి, ఒక పెట్టె వేడెక్కితే ఇంకో పెట్టెలోకి మార్చాలి. ఇదంతా చూసుకునే మేనేజర్ ప్రోగ్రాం ఒకటుంది. అది ఒకే ముద్దగా ఉండదు. మెషిన్ల సంగతి ఒక మాడ్యూలు చూస్తుంది, నెట్‌వర్క్ సంగతి ఇంకోటి, డిస్కుల సంగతి మరోటి. ఎవరి గది వాళ్లది, ఎవరి పని వాళ్లది. ఆ ప్రోగ్రాం బాగోగులు పర్వీన్ చేతిలో ఉండేవి.

దానికో జబ్బు ఉంది. ఊరికే కూర్చుని లావెక్కుతుంది. శనివారం చలాకీగా మొదలైంది కాస్తా రోజురోజుకూ మెమరీ మింగి, గురువారం సాయంత్రానికి ఆయాసపడుతుంది. విప్పి చూసే తీరిక ఎవరికీ లేదు, అందుకని సులువైన వైద్యం ఒకటి కనిపెట్టారు. శుక్రవారం దాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టడం. అప్పట్లో శుక్రవారం ఊరంతటికీ సెలవు, క్లినిక్కులు మూత, ఎవరికీ తెలిసేది కాదు. ఇంట్లో కూర్చుని ఆపడానికి మాత్రం లేదు. ఒకసారి అలా ఆపితే నెట్‌వర్క్ మాడ్యూలు కూడా ఆగిపోయి, లోపలికి వెళ్లే దారే మూసుకుపోయింది. అప్పటినుంచి ఎవరో ఒకరు ఆఫీసుకొచ్చి, సర్వర్ గదిలో నిలబడి, స్వయంగా చేయాలని నియమం పెట్టారు. ఆ ఎవరో ఒకరు పర్వీనే.

ఇక్కడే వచ్చింది చిక్కు. పర్వీన్ భర్త రమీజ్ ఉమ్ అల్ క్వైన్‌లో ఒక పైపుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఉండేది అక్కడే, కంపెనీ క్వార్టర్లో. గురువారం పొద్దుపోయాక బస్సు దిగి వస్తాడు, శనివారం తెల్లారకముందే వెళ్లిపోతాడు. అంటే వాళ్ల కాపురానికి వారంలో ఒక్క రోజు. ఆ ఒక్కరోజు మధ్యాహ్నం ఈమె సర్వర్ గదిలో చలికి శాలువా కప్పుకుని, తెర మీద అంకెలు చూస్తూ కూర్చునేది. రమీజ్ ఏమీ అనేవాడు కాదు. అననందుకే ఆమెకు మరీ కష్టంగా ఉండేది.

దేవేందర్ అదే ఆఫీసులో టెక్నీషియన్. మెట్‌పల్లి దగ్గర పల్లె. సైటు మీద హెల్పర్‌గా వచ్చి, కేబుళ్లు లాగే పని నేర్చుకుని, అక్కణ్ణుంచి ఇక్కడికి చేరాడు. కాలువ అవతల నైఫ్ అనే పేటలో ఒక గదిలో ఏడెనిమిది మందితో ఉంటాడు, రోజూ అబ్రా అనే పడవ ఎక్కి కాలువ దాటి ఆఫీసుకొస్తాడు. మనిషి మితభాషి. కరోనా ఏడాది, ఆంక్షలు కాస్త సడలిన రోజుల్లో, ఒక గురువారం సాయంత్రం పర్వీన్ మెట్ల దగ్గర నిలబడి రమీజ్‌తో ఫోన్లో మాట్లాడటం అతను విన్నాడు. ఈ శుక్రవారం కూడా నేను ఇంట్లో ఉండను, రాకపోయినా పర్లేదు అంటోంది ఆమె. ఫోన్ పెట్టేసి తిరిగేసరికి దేవేందర్ టూల్ బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"చెల్లె, శుక్రారం నాకిడిసిపెట్టు. ఏ బటన్ ఒత్తాల్నో సూపియ్యి. నాకు ఈడ ఎవరున్నరు, ఏడ ఉన్నా ఒక్కటే," అన్నాడు.

ఆమె వద్దంది, అతను వినలేదు. ఆ తర్వాత ఒక్క శుక్రవారం కూడా ఆమెను రానివ్వలేదు. అయిపోగానే ఫోన్ చేసేవాడు. "అయిపోయింది చెల్లె" అని ఒక్క ముక్క, అంతే. ఆ మాట విన్నాక పర్వీన్ స్టవ్ మీద బిర్యానీ మూత తీసేది. రెండేళ్ల పాటు వాళ్లిల్లు వాళ్లిల్లుగా ఉందంటే దేవేందర్ చలవే. ఈ సంగతి పర్వీన్ ఎన్నడూ మరిచిపోలేదు.

రెండువేల ఇరవై రెండు జనవరిలో దేశం సెలవులు మార్చేసింది. ఇకమీదట శని ఆదివారాలు సెలవు, శుక్రవారం మధ్యాహ్నం దాకా పని. రమీజ్ ఫ్యాక్టరీ మాత్రం పాత శుక్రవారాన్నే పట్టుకుని వేలాడింది. పర్వీన్ వాళ్ల ఆఫీసులో శుక్రవారం ఇంటి నుంచి పనిచేసుకోవచ్చన్నారు కాబట్టి ఆమెకు పెద్ద తేడా రాలేదు. మేనేజర్ ప్రోగ్రాంకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. శనివారం చేసుకోవచ్చుగా అని మీరనొచ్చు. శనివారం క్లినిక్కుల్లో ఇసకేస్తే రాలదు, ఆపితే ఊరుకోరు. శుక్రవారం పొద్దున్నా అందరూ పనిలోనే ఉన్నారు. సాయంత్రం క్లినిక్కులు మళ్లీ తెరుస్తారు, రాత్రిళ్లు కార్గో ఆఫీసుల పని నడుస్తుంది. మిగిలింది జుమా నమాజు వేళ ఒక్కటే. అందరూ మసీదుకు పోయే ఆ కాసేపట్లో దేవేందర్ గబగబా ఆపి, మళ్లీ లేపాలి. దానికి తోడు కొత్త క్లినిక్కులు చేరాయి, ప్రోగ్రాం ఇంకా తొందరగా లావెక్కసాగింది. ఒక బుధవారం పొద్దున ఊపిరాడక చతికిలబడింది. వాళ్ల మెషిన్లు అద్దెకు తీసుకున్న క్లినిక్కులన్నిటిలోనూ కౌంటర్లు లేవలేదు, జ్వరాలవాళ్లు వరసల్లో నిలబడ్డారు.

కంపెనీ నడిపేది మహీధర్, రాజమండ్రి వైపు మనిషి. దేవేందర్ ఆయన్ని ముదీర్ సాబ్ అంటాడు, ముదీర్ అంటే అరబ్బీలో మేనేజర్. ఆయన పర్వీన్‌ని పిలిచి, ఈ రీస్టార్ట్ వైద్యం ఇక చాలు, లీకు ఎక్కడుందో పట్టుకోండి, ఇంకే పనీ ముట్టుకోకండి అన్నాడు. ఆమె సంతోషంగా లేచింది. ఎన్నాళ్లుగానో అడుగుతోంది ఆ తీరిక. తలుపు దాకా వెళ్లాక ఆయన వెనకనుంచి ఇంకో మాట అన్నాడు.

"అది మూసేస్తే శుక్రవారం డ్యూటీ ఉండదు కదండీ. దేవేందర్ వీసా మే నెలాఖరుకు అయిపోతుంది. మీరు పని ముగిస్తే ఇక రెన్యూ చేయించం."

పర్వీన్ ఎందుకు చేయించరు సార్ అని అక్కడే అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఒకరి క్యాన్సిల్ గురించి ఇంకొకరితో మాట్లాడటం ఎంత అమర్యాద. తల ఊపి, సీటు దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఇప్పుడు ఆ లీకు సంగతి కాస్త చెప్పాలి, భయపడకండి. నలుగురు వచ్చిపోయే ఒక గది అనుకోండి. లోపలికొచ్చేవాడు "నేనున్నా" అని చెప్పి రావాలి, పోయేవాడు "నేను పోతున్నా" అని చెప్పి పోవాలి. గోడ మీద ఎంతమంది ఉన్నారో అంకె మారుతూ ఉంటుంది. అది సున్నా అయితే ఏసీ ఆపి, గది తాళం వేసి, ఇంకొకరికి ఇచ్చేస్తారు. కంప్యూటర్ మెమరీలో ప్రతి వస్తువుకూ ఇలాంటి అంకె ఒకటుంటుంది. ఎవడైనా చెప్పకుండా పోయాడనుకోండి, ఆ అంకె ఎప్పటికీ సున్నా కాదు. ఖాళీ గదిలో ఏసీ తిరుగుతూనే ఉంటుంది. అలాంటి ఖాళీ గదులు వేలకు వేలు పోగుపడటమే ఆ ప్రోగ్రాం జబ్బు.

పర్వీన్ ప్రతి రాకనూ ప్రతి పోకనూ పేరుతో సహా తెర మీద రాసేట్టు చేసి, కూర్చుని చదవడం మొదలుపెట్టింది. తల ప్రాణం తోకకొచ్చే పని. మాడ్యూళ్ల మధ్య మర్యాదలు కూడా మనుషుల మర్యాదల్లాగే గజిబిజిగా ఉన్నాయి. ఒకడు వస్తువు చేతికిస్తే తిరిగి అప్పగించాలి, ఇంకొకడు చూసుకో అని చూపిస్తాడంతే, అప్పగించబోతే కొంప మునుగుతుంది. అవన్నీ తెలుసుకుంటూ పోతే దొంగలు దొరకసాగారు. ఎక్కువమంది ఒకే రకం. అంతా సవ్యంగా జరిగితే ముందు తలుపులోంచి చెప్పే పోతారు. మధ్యలో ఏదైనా తేడా వచ్చిందా, వెనక తలుపులోంచి చెప్పకుండా పారిపోతారు. నెట్‌వర్క్ దొరకలేదు, డిస్కు నిండిపోయింది, అంతే, పరార్. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అలాంటి వెనక తలుపులు ఒక్కొక్కటే వెతికి, ప్రతిదాని దగ్గరా "పోయేముందు చెప్పి పో" అని రాసింది. ప్రోగ్రాం లావెక్కడం సగానికి తగ్గింది. మహీధర్ టీ తెప్పించాడు.

సగమే తగ్గింది. శుక్రవారం రీస్టార్ట్ ఇంకా తప్పలేదు. దేవేందర్ ఫోన్లో ఇప్పుడు రెండో మాట కూడా చేరింది.

"అయిపోయింది చెల్లె. ఇంక దొర్కలేదా?"

ప్రతి శుక్రవారం అదే ప్రశ్న. గొంతు తగ్గించి, ఏదో అడగకూడనిది అడుగుతున్నట్టు. పర్వీన్‌కు ఆ గొంతులో భయం వినిపించేది. పాపం, దొరికితే తన గతేమిటని అడుగుతున్నాడు అనుకునేది. ఇంకా లేదన్నా, మీరు దిగులు పెట్టుకోకండి అనేది.  సరే చెల్లె అని పెట్టేసేవాడు.

ఆఖరి లీకు రంజాన్ నెలలో దొరికింది. ఉపవాసం ఉన్నప్పుడు బుర్ర తేలిగ్గా ఉంటుందని పర్వీన్ నమ్మకం. ఆ మధ్యాహ్నం ఆఫీసులో చాయ్ కప్పుల చప్పుడు కూడా లేదు. ఆమె ఒక క్లినిక్కు మెషిన్‌ను మూసేసి, దాని తాలూకు ఏమేం మిగిలిపోయాయో చూస్తోంది. రెండు వస్తువులు మిగిలాయి. మెషిన్ మాడ్యూలులో ఆ మెషిన్ తాలూకు వస్తువు ఒకటి, నెట్‌వర్క్ మాడ్యూలులో దాని తీగ తాలూకు వస్తువు ఒకటి. బయటివాళ్లందరూ పద్ధతిగా చెప్పే పోయారు. ఐనా రెండింటి మీదా అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది. ఎవర్రా ఆ ఒక్కడు అని చూస్తే, మెషిన్‌ను పట్టుకుని ఉన్నది తీగ. తీగను పట్టుకుని ఉన్నది మెషిన్.

కావలిలో వాళ్ల పిన్నులిద్దరు ఫోన్లో మాట్లాడుకుంటే ఇంతే. మాటలన్నీ అయిపోతాయి, నువ్వు పెట్టు అంటే నువ్వు పెట్టు అని ఇద్దరూ ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంటారు, ఒకరు ముందు పెట్టేస్తే రెండోవారు నొచ్చుకుంటారని. ఇక్కడా అదే జరుగుతోంది. నేను వదిలితే దానికేమవుతుందో అని ఇది, నేను వదిలితే దీనికేమవుతుందో అని అది. ఎవరి తప్పూ లేదు, ఎవరూ పారిపోలేదు. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ దొరకలేదు. పర్వీన్ కుర్చీలో వెనక్కి వాలి, ముఖం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

మందు చిన్నదే. ఇద్దరిలో ఒకరు గట్టిగా పట్టుకోవడం మానేసి, పేరు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. అవసరమైనప్పుడు ఉన్నావా అని పిలిస్తే సరిపోతుంది, ఉంటే పలుకుతుంది. నాలుగైదు లైన్ల మార్పు. ఇఫ్తార్‌కు ముందే రాసేసింది, పరీక్ష చేసింది. మెషిన్ మూయగానే రెండు అంకెలూ సున్నాకు వచ్చాయి. ఆ సున్నాలు చూశాక ఆమెకు మొదట గుర్తొచ్చింది దేవేందర్ మొహం.

ఆ మార్పును ఆమె ఎవరికీ చూపించలేదు. తన కంప్యూటర్లోనే దాచి, ఇంటికి నడిచింది. కావాలనే చేసింది, నేనేమీ కప్పిపుచ్చను. మే నెలాఖరు దాటితే చాలనుకుంది. ఈలోగా శుక్రవారం డ్యూటీ బతికుంటే మహీధర్ వీసా రెన్యూ చేయిస్తాడు, ఒకసారి ముద్ర పడితే రెండేళ్లు ఎవరూ కదపరు. జూన్ మొదటి వారంలో లీకు దొరికినట్టు చెప్తే సరి. ఎవరికి నష్టం? లెక్క బాగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

రమీజ్‌కు చెప్పింది. అతను ఖర్జూరం గింజ తీసి పళ్లెంలో పెడుతూ, ఇదంతా దేవేందర్‌ని అడిగే చేస్తున్నావా అన్నాడు. అట్ట ఎవరన్నా అడుగుతారా, ఆయన మనసు ఎంత చిన్నబుచ్చుకుంటదో తెలుసా అని కసిరింది పర్వీన్.  శుక్రవారం ఫోన్ మోగింది. ఇంక దొర్కలేదా అన్నాడు దేవేందర్. లేదన్నా అంది పర్వీన్. ఉపవాసం ఉండి ఆడిన అబద్ధం. దాని మీద గుక్కెడు మంచినీళ్లు తాగడానికి కూడా లేదు.

పండగ అయిపోయింది. మే రెండో వారంలో ఒకరోజు దేవేందర్ ఆలస్యంగా వచ్చాడు. మోచేయి మడత దగ్గర దూది, దాని మీద చిన్న అంటు పట్టీ. అది చూడగానే గల్ఫులో ఉన్నవాడెవడికైనా సంగతి అర్థమైపోతుంది. వీసా రెన్యూ చేయాలంటే రక్తం పరీక్ష చేయించాలి. పర్వీన్ మొహం వెలిగిపోయింది. మెడికల్ అయిందా అన్నా, ఇంక రెండేళ్లు బేఫికర్ అంది. దేవేందర్ ఆ పట్టీ వంక చూసుకుని, ఔ చెల్లె, అయింది అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు నిచ్చెన మీద నిలబడి, బాగానే ఉన్న కేబుల్ ఒకటి ఊడదీసి మళ్లీ బిగించాడు.

ఆ మర్నాడు ఆమె పొద్దున్నే లేచి షీర్ ఖుర్మా చేసి, డబ్బాలో పోసుకుని తెచ్చింది. పండక్కి తినిపించనేలేదన్నా, ఇదిగో అని అతని ముందు పెట్టింది. అతను వద్దనలేదు. అడుగున సేమ్యా పలుకు కూడా మిగల్చకుండా తిని, మంచిగున్నది అని, డబ్బా కడగడానికి వంటగదిలోకి వెళ్లాడు. అప్పుడు టేబుల్ మీద అతని ఫోన్ మోగింది. వీడియో కాల్. లోపల నల్లా నీళ్ల చప్పుడు. చేతులు తడి ఉన్నయ్ చెల్లె, మా ఇంటామె, జర ఎత్తు, వస్తున్న అన్నాడు లోపల్నుంచి.

తెర మీద ఎండ, ఆ ఎండలో తలకు కొంగు చుట్టుకున్న ఒకామె. దేవేందర్ భార్య ప్రేమ. పర్వీన్ ఆమెను ఎప్పుడూ చూడలేదు, ఆమె మాత్రం చూడగానే గుర్తుపట్టింది.

"పర్వీన్ బిడ్డవా నువ్వు? మంచిగున్నవా? ఆ మిషిన్ రోగం ఇంక దొర్కలేదా బిడ్డ?"

పర్వీన్ ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. మెట్‌పల్లి పక్క పల్లెలో, పొలం గట్టు మీద నిలబడిన మనిషి తన లీకు గురించి అడుగుతోంది.

ప్రేమకు మొహమాటం లేదు, దుబాయ్ మర్యాదలు ఆమె దాకా పోలేదు. గడగడా చెప్పుకుపోయింది. తను పసుపు వేస్తుంది. ఏటా కూలీలను పెట్టుకుని తనే పెడుతుంది, తనే తవ్విస్తుంది, తనే ఉడకబెట్టిస్తుంది. పెళ్లైన ఏడాదికే ఆయన దుబాయ్ ఎక్కాడు. సెలవు మీద వస్తాడు గానీ పంట వేళకు సెలవు దొరకదు. ఇక చాలు, మే నెలతో క్యాన్సిల్ పెట్టుకుని వస్తానని సంక్రాంతికి ముందే మాటిచ్చాడు. ముదీర్‌కు కూడా చెప్పాడు, సరేనన్నాడు. దేవేందరే మళ్లీ ఒక మెలిక పెట్టుకున్నాడు.

"మిషిన్ రోగం దొర్కినంకనే వస్తనంటడు. ఇప్పుడొస్తె శుక్రారం మల్ల ఆ పిల్ల మెడల వడ్తది, ఆమె పెనిమిటి వారానికొక్కపారి వస్తడు, ఆమె కాపురం ఆగమైతది అంటడు. నిన్న రెండేండ్లకు సూది గుచ్చిచ్చుకున్ననని చెప్పిండు. ఇర్వై ఏండ్లాయె బిడ్డ, ఇద్దరం కలిసి ఒక్కపారన్న పసుపు వెట్టలె. ఈ మిరుగం కార్తెకన్న వస్తడనుకున్న," అంది ప్రేమ. నిష్ఠూరం కూడా లేదు ఆ గొంతులో. వాన రాలేదని చెప్పినట్టు చెప్పింది.

పర్వీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క నిమిషం ఆగక్కా అని ఫోన్ టేబుల్ మీద పెట్టింది. దేవేందర్ కడిగిన డబ్బా తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె మొహం చూసి, ఫోన్ చూసి, ఏం జరిగిందో తెలిసిపోయి అక్కడే ఆగిపోయాడు.

"లీకు దొరికింది అన్నా," అంది పర్వీన్. "ఇవాళ కాదు. రంజాన్లోనే దొరికింది. మందు కూడా రాసి పెట్టా. మీ ఉద్యోగం పోతదని బయటపెట్టలా."

దేవేందర్ డబ్బాను బల్ల మీద పెట్టాడు. మూత దాని మీద సరిగ్గా అమర్చాడు. అతనికి కోపం వస్తుందని, రావాలని కూడా ఆమె ఎదురుచూసింది. రాలేదు.

"నువ్వు నా కోసం ఆపినవా?" అన్నాడు చివరికి. "నేను నీ కోసం ఆగిన గదా చెల్లె."

 పర్వీన్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వస్తే దుపట్టా అడ్డం పెట్టుకుంది. ఎవర్రా పట్టుకుని ఉన్నది అని అన్ని నెలలు వెతికిన మనిషి, తన పక్క సీటు వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. దేవేందర్ నవ్వలేదు గానీ, పెదాలు బిగబట్టి కిటికీలోంచి బయటికి చూశాడు. ఫోన్లోంచి ప్రేమ, ఏమైంది, దొర్కిందంటున్నదా అని అడుగుతూనే ఉంది.

ఇద్దరూ కలిసి మహీధర్ గదిలోకి వెళ్లారు. ఆయన అంతా విని, ముక్కున వేలేసుకున్నాడు. ఆయనకు మొదట్నుంచీ తెలుసు. వెళ్లిపోతున్న సంగతి ఎవరికీ చెప్పొద్దు సార్ అని దేవేందర్ అడిగాడు, ఆయన చెప్పలేదు. నమ్మి చెప్పిన మాట బయటపెట్టడం మర్యాద కాదు కదండీ అన్నాడు. చూశారా, ముగ్గురికి ముగ్గురూ మర్యాదస్తులే. కోపమొచ్చినా ఎవర్నీ ఏమీ అనలేం. ఆయన వెంటనే వీసా కాగితాలు నింపి పంపే టైపింగ్ సెంటర్‌కు ఫోన్ చేశాడు. కాగితాలు ఇంకా అక్కడే ఉన్నాయి, ముద్ర పడలేదు. ఆపేయండి, క్యాన్సిల్ కట్టండి అని చెప్పాడు. ఆ మాట వినగానే దేవేందర్ మోచేతి మీద ఇంకా అంటుకుని ఉన్న పట్టీని పీకేసి, చెత్తబుట్టలో వేశాడు.

పర్వీన్ ఆ సాయంత్రమే మార్పును బయటపెట్టింది. రెండు రోజులు పరీక్ష పెట్టెలో నడిపి, ఆ శుక్రవారం జుమా వేళకు అసలు పెట్టెలోకి ఎక్కించారు. అదే ఆఖరి రీస్టార్ట్, దాన్ని దేవేందరే చేశాడు.

తర్వాతి శుక్రవారం రమీజ్ మసీదుకు బయల్దేరితే, పర్వీన్ అతనితో పాటే మెట్లు దిగి ఆఫీసుకు వెళ్లింది. వీధిలో దుకాణాల షట్టర్లు దించేస్తున్నారు. సర్వర్ గదిలో దేవేందర్ అప్పటికే ఉన్నాడు, అలవాటు కొద్దీ వచ్చేశాడు. ఇద్దరూ రెండు స్టూళ్లు వేసుకుని తెర ముందు కూర్చున్నారు. ప్రోగ్రాం ఎంత మెమరీ తింటోందో గీత గీసి చూపిస్తోంది. పగలు క్లినిక్కులు తెరిచినప్పుడల్లా లేచింది, రాత్రి మూసినప్పుడల్లా దిగింది. వారం కింద ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. ఆయాసం లేదు. దేవేందర్ చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఇప్పుడేం జెయ్యాలె చెల్లె?" అన్నాడు.

"ఏం చేయబళ్లేదన్నా. ఇంటికి పోదాం రాండి, బిర్యానీ చేశా."

అతను లేచి, స్టూలును దాని చోట పెట్టి, గది తాళం ఆమె చేతికిచ్చాడు. ఇన్నేళ్లలో అతను వాళ్లింటికి శుక్రవారం భోజనానికి రావడం అదే మొదటిసారి. రమీజ్ అతనికి వడ్డిస్తూ, చాలన్నా వినకుండా ఇంకో ముక్క వేశాడు. నెలాఖరుకు దేవేందర్ వెళ్లిపోయాడు. ఈసారి మాత్రం ఎప్పుడు పోతున్నారన్నా అని పర్వీన్ రోజూ అడిగింది, అతను రోజూ చెప్పాడు. ఎయిర్‌పోర్టుకు ఇద్దరూ వెళ్లి దింపి వచ్చారు. ఆ శుక్రవారం పర్వీన్ స్టవ్ ముందు నిలబడి, రాని ఫోన్ కోసం చూసింది. ఇల్లంతా బోసిపోయినట్టనిపించింది.

జూన్ నడిమధ్య, జుమా వేళ, మూత తీయబోతుండగా ఫోన్ మోగింది. తెర నిండా ఎర్రటి తడి మట్టి. దేవేందర్ పంచె మోకాళ్ల పైకి కట్టి సాలులో నిలబడి ఉన్నాడు, వెనక ప్రేమ తట్టలోంచి పసుపు కొమ్ములు తీసి పెడుతోంది. వాన పడ్డది చెల్లె, పొద్దటిసంది పెడుతున్నం అన్నాడు. మిషిన్ మంచిగున్నదా బిడ్డ అని ప్రేమ అక్కణ్ణుంచే కేకేసింది. మంచిగుందక్కా, శుక్రవారం ఇంట్లోనే ఉన్నా అని పర్వీన్ కూడా కేకేసి చెప్పింది. తర్వాత చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ఐనా అతను ఫోన్ అలాగే పట్టుకుని ఉన్నాడు, ఆమె కూడా పట్టుకునే ఉంది. అవతల కొమ్ములు నాటే చేయి ఒకటి తక్కువై ప్రేమ ఆగిపోవడం కనిపించింది.

"ఉంటానన్నా," అని పర్వీనే ముందు పెట్టేసింది.